సరోజ చెప్పిన లూథరు కథ

“ఇంతకీ మీ లూథరు ఎవల దిక్కమ్మా? దొర దిక్కా, కూలోళ్ల దిక్కా?”

2024 అక్టోబరు ఆఖరున, సంస్కరణ పండుగ సాయంత్రం, సూర్యాపేటలో ఒక ముసలాయన సరోజను అడిగిన మాట ఇది. అప్పుడే బుర్రకథ ముగిసింది, కుర్చీలు మడుస్తున్నారు. ఆయన మెడలో వెలిసిపోయిన ఎర్ర కండువా ఉంది. ప్రార్థనకు వచ్చిన మనిషి కాదు, డక్కీల చప్పుడు విని రోడ్డు దాటి వచ్చాడు.

“దేవుని దిక్కు పెద్దయ్యా” అంది సరోజ, గజ్జెలు విప్పుతూ.

ముసలాయన నవ్వలేదు. “దేవుని దిక్కు అందరుంటరు. ఆడ రైతులు లేచినప్పుడు మీ లూథరు ఏం రాసిండో మీ అయ్యగారిని అడుగు. మాకు పార్టీ క్లాసుల జెప్పిన్రు.”

అని వెళ్లిపోయాడు. అప్పటికి ఇరవై రెండేళ్లుగా సరోజ లూథరు కథ చెబుతోంది. రైతుల మాట అందులో ఎక్కడా లేదు.

సరోజకు యాభై ఆరేళ్లు. మాడుగులపల్లి దగ్గరి పల్లె. సాగర్ కాల్వ వదిలితే నాట్లు, లేకపోతే ఏ పని దొరికితే ఆ పని. అక్టోబరు నుంచి క్రిస్మస్ దాకా మాత్రం బుర్రకథ. ఏడాదిలో చేతికి కాస్త డబ్బు కనిపించేది ఆ మూడు నెలలే. ఆమెది ఏ సంఘమని అడిగితే “పిలిచిన సంఘం” అంటుంది. ఎక్కువగా పిలిచేది లూథరన్లు. కాల్వ నీళ్ల వెంట కృష్ణ అవతలి నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలు తమ మిరప విత్తనంతో పాటు తమ సంఘాన్నీ తెచ్చుకున్నాయి. ఆ సంఘానికి మూలపురుషుడు లూథరు. ఐదు వందల ఏళ్ల కింద జర్మనీలో, పాపక్షమా పత్రాలు అమ్ముకుంటున్న పోపును ఎదిరించిన సన్యాసి. ఏటా అక్టోబరు 31న ఆయన పేరు మీద పండుగ చేస్తారు. పండుగన్నాక కథ ఉండాలి, కథన్నాక సరోజ ఉండాలి.

కథ ఆమె తండ్రి కట్టింది. ఆయన కట్టిన లూథరు ఎట్లాంటివాడంటే, తప్పు చేయడు, జబ్బు పడడు, అరవడు. పోపును తప్పుపట్టే కాగితాన్ని గుడి తలుపుకు మేకులతో కొడతాడు, చక్రవర్తి ముందు తలవంచనంటాడు, బైబిలును జనం భాషలోకి తెస్తాడు, మంగళం. మహానుభావుల జీవితాలు మన దగ్గర ఇట్లాగే ఉంటాయి. వాళ్లకు కడుపునొప్పి కూడా రాదు.

బుర్రకథ తెలియనివాళ్లకు ఒక మాట. మధ్యలో తంబుర పట్టుకుని, బొటనవేలి అందెతో తాళం వేస్తూ కథ నడిపేది కథకురాలు. రెండు పక్కల డక్కీలు వాయించేవాళ్లను వంతలంటారు. ఒకడిది హాస్యం. రెండోవాడిది రాజకీయం, అంటే జనం మనసులో మెదిలే ప్రశ్నను జనం తరఫున అడగడం అతని పని. అతడు అడిగితే కథకురాలు జవాబు చెప్పి తీరాలి. తప్పించుకోవడం ఈ విద్యలో లేదు.

సరోజ హాస్య వంత ఆమె భర్త మట్టయ్య. వేదిక మీద పెండ్లాన్ని “గురువుగారూ” అని పిలవాలి. పిలిచి పిలిచి ఇంట్లోనూ అదే అలవాటైంది. “గురువుగారూ, కూరల ఉప్పు లేదు” అంటాడు. రాజకీయ వంత నర్సింహ. నిడమనూరు దిక్కు గొర్లకాపరుల కుటుంబం. పెద్దగట్టు జాతరకు మొక్కు తప్పించడు, చర్చి వేదిక మీద “హల్లెలూయ” కూడా తప్పించడు. ఒకప్పుడు ఎర్రజెండా దళంలో పాడినవాడు. పేరుకు రాజకీయ వంతే గానీ లూథరు కథలో అతనికి మిగిలిన ప్రశ్న ఒక్కటే: “తర్వాత ఏమాయె అక్కా?”

ముసలాయన మాట సరోజను వదల్లేదు. కోదాడలో లూథరన్ పాస్టరు సాంసన్ అయ్యగారు బాగా చదువుకున్నవాడు, సెమినరీలో సంఘ చరిత్ర పాఠం చెప్పి వచ్చినవాడు. క్రిస్మస్ సీజను అయిపోయాక ఆయన దగ్గరికి వెళ్లింది, మట్టయ్యను, నర్సింహను వెంటబెట్టుకుని.

“రండమ్మా, కూర్చోండి” అని టీ తెప్పించాడు సాంసన్. ప్రశ్న విన్నాక గ్లాసు కింద పెట్టాడు. “ఎవరు చెప్పారు మీకు?”

“సూర్యాపేటల ఒక పెద్దయ్య. నిజమేనా అయ్యగారూ?”

సాంసన్ అబద్ధమాడే రకం కాదు. దాచే రకం, అంతే. ఆ సాయంత్రం రెండూ తేలాయి. 1525లో అక్కడి రైతులు పన్నెండు కోరికలు రాసి పెట్టుకున్నారు. వాగులో చేపలు పట్టుకోనివ్వాలి, అడవిలో కట్టెలు తెచ్చుకోనివ్వాలి, మమ్మల్ని సొంత పశువుల్లా చూడకూడదు, మా పాస్టరును మేమే ఎన్నుకుంటాం.

“అంటే వెట్టి వద్దన్నరు” అన్నాడు నర్సింహ.

“అవునయ్యా, అదే. వాళ్లకు ధైర్యం వచ్చింది కూడా లూథర్ గారి మాటల నుంచే. ఆయన మొదట దొరలనే తిట్టారు, తప్పు మీదేనని. తర్వాత రైతులు కోటలు తగలబెట్టారు, మనుషుల్ని చంపారు. అప్పుడాయన కలం పట్టుకుని…” సాంసన్ ఆగాడు. “రైతుల్ని కొట్టమని దొరలకు చెప్పారు. పొడవండి, నరకండి, పిచ్చికుక్కను చంపినట్టు చంపండి అని రాశారు.”

“ఎంతమంది సచ్చిన్రు?”

“లక్ష దాకా అంటారు. ఒక్కొక్కరూ ఒక్కో లెక్క చెప్తారు.”

మట్టయ్యకు బరువు మాటలు సరిపడవు. “మేకులన్న నిజంగ కొట్టిండా అయ్యగారూ?” అన్నాడు.

“అది కూడా అనుమానమే. ఉత్తరంగా పంపి ఉంటారని కొందరు పండితులు.”

“పోస్టుల ఏస్తే కథ ఏడుంటది? సుత్తి ఉండాలె!”

సాంసన్ నవ్వి, మళ్లీ గంభీరమయ్యాడు. “యూదుల మీద కూడా ముసలితనంలో ఘోరంగా రాశారు. అది తప్పని లూథరన్ సంఘాలే తర్వాత బహిరంగంగా ఒప్పుకున్నాయి. నేనేమీ దాచమనడం లేదమ్మా. కానీ పండుగ రోజు కథలో అదంతా ఎందుకు? మన పిల్లలకు ఆయన ఏం ఇచ్చారు? చదువు. చర్చి ఉన్నచోటల్లా బడి పెట్టమన్నారు. మా తాత పశువుల కొట్టంలోంచి బడికి వెళ్లాడంటే ఆ మాట వల్లే.”

అది నిజమే. సూర్యాపేట పెద్దాయన చెప్పిందీ నిజమే. చిక్కేమిటంటే ఇద్దరికీ ఒక్కో సగం చాలు. పార్టీ క్లాసు లూథరు దొరల ఏజెంటు. రైతుల నాయకుడు, అతనూ ఒక పాస్టరే, తుపాకీ గుండ్లను చొక్కా చేతుల్లో పట్టేస్తానని జనాన్ని యుద్ధానికి నడిపించాడన్న సంగతి మాత్రం ఆ క్లాసులో చెప్పరు. చర్చి లూథరుకు మేకులు, పార్టీ లూథరుకు కత్తి. రెండు పటాలూ సగం గీసినవే.

తిరుగు బస్సులో నర్సింహ తేల్చేశాడు. “అక్కా, ఇగ నేను ‘తర్వాత ఏమాయె’ అననంటె అనను. గా రైతుల ముచ్చట అడుగుత. అడగకపోతే వంత ఎందుకు? డక్కీ కొట్టనీకె మిషినొచ్చింది.”

“అడుగు తమ్మీ. జవాబు నేను కట్టుకుంట.”

“గురువుగారూ, కట్టుకునేది కట్టుకో” అన్నాడు మట్టయ్య. “సంఘాలోళ్లు పిల్వకపోతే మూడు నెలల తిండి ఎవలు కట్టిస్తరో గది గూడ కట్టుకో.”

ఆ ఏడాది ఆమె ముందున్న ప్రశ్న అదే. పూర్తి కథ చెబితే పిలుపులు పోతాయి. సగం కథ చెబితే నర్సింహ పోతాడు. మూడో దారి ఉందేమో చూడాలి.

వానాకాలం నాట్లలో వంగి వంగి కట్టింది. రైతుల పన్నెండు కోరికలు, దొరల సైన్యం, చావు. యుద్ధం ఘట్టం కాబట్టి యుద్ధం వరుసలోనే కట్టింది. వేరే వరుస ఆమెకు తట్టలేదు, ఎవరికీ తట్టదు. బుర్రకథలో యుద్ధమంటే డక్కీలు జోరందుకోవాలి, అందెల మోత పెరగాలి, కథకురాలు ముందుకు దూకాలి, జనం చప్పట్లు కొట్టాలి. ఆమె బుర్రకథ పట్టిన ముప్పై ఏళ్లలో ఆ దెబ్బకు చప్పట్లు పడని ఊరు లేదు.

తొలిసారి చెప్పింది కోదాడలో, 2025 అక్టోబరులో. ఆ రైతులు చచ్చి సరిగ్గా ఐదు వందల ఏళ్లు. సాంసన్ వద్దనలేదు. “మా దగ్గరే మొదలుపెట్టండి. మాటలొస్తే నేను పడతాను” అన్నాడు. నర్సింహ గొంతెత్తి అడిగాడు: “అక్కా, లూథరు మాట విని లేచిన కూలోళ్లు ఏమైన్రు?” సరోజ తంబుర భుజానికెత్తింది.

“కత్తులు మెరిసెను తందాన తాన
కొడవళ్లు విరిగెను తందాన తాన
దొరల గుర్రాలురికె తందాన తాన
తలలు రాలిపడె తందాన తాన!”

డక్కీలు మోగాయి. సరోజ వేదిక చివరి దాకా దూకింది. జనం చప్పట్లు కొట్టారు. మొదట పిల్లలు, తర్వాత మగవాళ్లు, తర్వాత వెనక నుంచి ఎవరో ఈల. మిరప ఏరే కూలీలు, ఇటుక బట్టీల వాళ్లు, చేతులు నొప్పి పుట్టేలా కొట్టారు, కూలీల తలలు రాలుతుంటే. ఎవరి తప్పూ కాదు. దెబ్బ విన్నారు, కొట్టారు. ఆ దెబ్బకు ఏం చేయాలో వాళ్లకు నేర్పింది సరోజే.

పాట మధ్యలోనే ఆమెకు అర్థమైంది. కానీ జోరందుకున్న డక్కీని పాట మధ్యలో ఆపడం ఆమెకు చేతకాలేదు. మంగళం పాడి దిగింది. చెట్టు కింద కూర్చుని నీళ్లు కూడా తాగలేదు.

“గురువుగారూ, మస్తు చప్పట్లు” అన్నాడు మట్టయ్య.

“నోర్ముయ్” అంది.

సాంసన్ వచ్చి పక్కన కుర్చీ లాక్కున్నాడు. ముఖం పాలిపోయి ఉంది. “నా సంఘం చప్పట్లు కొట్టిందమ్మా, సరోజమ్మా. ముందు వరసలో మా సంఘ పెద్ద కూడా కొట్టాడు. నేను ఇన్నేళ్లు ఏం చెప్పానో నాకే తెలియలేదు.”

“మీరు సెప్పింది కాదయ్యగారూ, నేను సెప్పింది. సంపినోని దిక్కు నిలబడి సెప్పిన. ఆ వరుస గెలిసినోనిది.”

“మరి ఓడినోళ్ల వరుస ఏడున్నది?” అన్నాడు నర్సింహ. ఎత్తిపొడుపేం కాదు, నిజంగానే అడిగాడు.

నాలుగు రోజుల తర్వాత మిర్యాలగూడ. అన్నిటికన్నా పెద్ద వేదిక అదే. చుట్టుపక్కల సంఘాలన్నీ కలిసి పెడతాయి. అక్కడ నచ్చితే డిసెంబరు నిండుతుంది, నచ్చకపోతే డిసెంబరు ఖాళీ. కమిటీ కార్యదర్శి సుధీర్ ఏదో ఆఫీసులో ఉద్యోగి, నలభై దాటలేదు, పద్ధతి గల మనిషి. కోదాడ సంగతి అప్పటికే అతనికి చేరింది. కథ రోజు పొద్దున్నే సరోజ ఇంటికి బండి మీద వచ్చాడు.

“సరోజక్కా, ఆ రైతుల ముక్క జర తీసెయ్యి. ఐదు నిమిషాలది. ఎవ్వరికీ తెల్వది.”

“నిజం కాదా సార్?”

“నిజమేనక్కా. నేను గూగుల్ల సదివిన. కానీ ఎవడో వీడియో తీస్తడు, ‘మీ లూథరే కూలోళ్లని సంపమన్నడట’ అని మన మొఖాన్నే కొడ్తరు. అసలే రోజులు బాగలేవు. మనం తక్కువమందిమి. తగాదాలు తట్టుకునే బలం మనకేడిది?”

అతని భయం ఉత్తది కాదు. సరోజకు అది తెలుసు. “సూస్తం సార్” అంది. సుధీర్ దాన్ని సరే అనుకుని వెళ్లాడు. ఈ జిల్లాలో “సూస్తం” అన్న మాటకు ఎన్ని అర్థాలున్నాయో ఆఫీసు మనిషికి తెలియకపోవడం విచిత్రమే.

నర్సింహకు ఆమె అడగమనీ చెప్పలేదు, వద్దనీ చెప్పలేదు.

ఆ సాయంత్రం మైదానం నిండింది. ముందు వరసల్లో చాపల మీద ఆడవాళ్లు. సన్యాసినుల మఠం నుంచి చేపల పీపాల బండిలో తప్పించుకొచ్చిన కేథరీనును లూథరు చూసి పెండ్లాడే ఘట్టంలో మట్టయ్య ముక్కు మూసుకుని, “అమ్మా, బాప్తీస్మం తర్వాత, ముందుగాల తానం!” అంటే జనం పొట్టలు పట్టుకున్నారు. నవ్వు తగ్గుతుండగా నర్సింహ డక్కీ మీద చెయ్యి పెట్టాడు.

“అక్కా. లగ్గం సంగతి బాగుంది. గా నెలల కూలోళ్ల సంగతేంది?”

వేదిక పక్కన సుధీర్ లేచి నిలబడ్డాడు. మట్టయ్య పెండ్లాం మొహం చూశాడు. ఆమెను కాపాడదామని జోకు ఎత్తుకున్నాడు. “అరె నర్సింహా, ఊరి నిండ పీనుగులుంటే లగ్గం ఎట్ల జేసుకున్నడ్రా? నెల మాసికమన్న కానియ్యొద్దా?”

ఎవరూ నవ్వలేదు. అది జోకు కాదు, లెక్క. రైతుల్ని నరికిన నెల తిరగకముందే లూథరు పెండ్లి. నిజానికి ఆ రాత్రి అందరికన్నా పెద్ద ప్రశ్న అడిగింది హాస్యగాడే.

సరోజ తంబుర కింద పెట్టింది. బొటనవేలి అందె తీసి దాని పక్కన పెట్టింది. డక్కీలను ఆగమని చెయ్యి చూపించింది. చాపల ముందుకు వచ్చి, వేదిక అంచున కూర్చుంది, చావింట్లో కూర్చున్నట్టు. కోదాడ నుంచి ఆ నాలుగు రోజులూ ఆమె వెతికిన వరుస తన ఊరి ఆడవాళ్ల నోట్లోనే ఉంది. చచ్చినవాళ్ల మీద పడి శోకాలు పెట్టే వరుస. దానికి డక్కీ ఉండదు, చప్పట్లు ఉండవు.

“వాగుల సేప మాదన్నందుకా కొడుకా,
నీ నోట్ల మన్నువోసిరా…
అడివిల కట్టె మాదన్నందుకా కొడుకా,
నీ కాష్టమే పేర్చిరా…
సదువు సెప్పిన అయ్యగారే కొడుకా,
సంపుమని రాసిచ్చెనా…”

సుధీర్ మైకు అబ్బాయికి సైగ చేశాడు. మైకు ఆగింది. కానీ ఆ వరుస మైకు కోసం పుట్టింది కాదు. చాపల మీద రెండో వరసలో అహల్య ఉంది. మాడుగులపల్లి దిక్కున నాట్ల ముఠా నడిపే మనిషి, చర్చి గడప తొక్కనిది, సరోజతో పాటు మడుల్లో వంగేది. “కొడుకా” అని అందుకుంది. ఆమె పక్కావిడ అందుకుంది. ఎవరి కొడుకు, ఏ దేశం, ఏ మతం అని ఎవరూ అడగలేదు. వెనక వరసకు మాట చేరకపోతే ముందువాళ్లే మళ్లీ అని చేరవేశారు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

మైకు అబ్బాయి కాసేపటికి తనంతట తానే మళ్లీ ఆన్ చేశాడు. సుధీర్ కళ్లద్దాలు తుడుచుకుంటూ నిలబడ్డాడు.

సరోజ లేచి తంబుర తీసుకుంది. నర్సింహ ఊరుకోలేదు, ఊరుకోకూడదు కూడా. “మరి లూథరు ఎవల దిక్కక్కా?”

“పుస్తకం మన చేతుల పెట్టిననాడు మన దిక్కు తమ్మీ. అది సదివి మనం అడిగిననాడు దొర దిక్కు.”

“మరి ఆయన్ని ఉంచుకుందమా, ఇడిసిపెడదమా?”

“పుస్తకం ఉంచుకుందం. అడుగుడు ఆపొద్దు.”

గొప్ప సిద్ధాంతమేమీ కాదు. చరిత్రకారులు ఇంతకన్నా పొడుగ్గా చెబుతారు, ఇంతకన్నా తేలుస్తారని మాత్రం హామీ లేదు. మంగళం పాడారు. జనం నెమ్మదిగా లేచారు.

తర్వాత కమిటీలో తగాదా అయింది. అనుకున్నదే. లూథరును అవమానించారని ఒక పెద్దమనిషి రాజీనామా ఇచ్చి, వారం తర్వాత వెనక్కి తీసుకున్నాడు. డిసెంబరుకు అనుకున్న రెండు సంఘాలు “వచ్చేసారి సూద్దాం” అన్నాయి. మట్టయ్య వేళ్ల మీద లెక్కబెట్టి నిట్టూర్చాడు. ఆ నిట్టూర్పు పూర్తికాకముందే ఫోన్లు మొదలయ్యాయి. హాలియా మార్కెట్ హమాలీలు పిలిచారు. వాళ్లలో క్రైస్తవులు ముగ్గురే. అహల్య ముఠా, నాట్లు అయిపోయిన రోజున తమ ఊళ్లో చెప్పాలంది. “ఏసుక్రీస్తు లేకున్నా సరే, గా కొడుకుల కథ చెప్పు” అంది. “లేకుంటె ఎట్ల, వాళ్లు నమ్ముకున్నది ఆయన్నే గద” అని సరోజ బేరం పెట్టింది, ఇద్దరూ ఉండాలని ఒప్పందమైంది. సాంసన్ అయ్యగారు కోదాడలో ఆదివారం బడి పిల్లలకు ఆ పన్నెండు కోరికల్ని గోడకు రాయించాడు, ఈ ఏడు మళ్లీ రమ్మన్నాడు. సూర్యాపేటలో ఒక సంఘం, తమ ఎదురుగా ఉన్న పార్టీ ఆఫీసు వాళ్లను కూడా పిలిచి, కథ పెట్టుకుంది. అక్కడ నర్సింహ ఇంకో ప్రశ్న జోడించాడు: “చొక్కా చేతుల్ల గుండ్లు పడతనన్న పాస్టరును నమ్మి పోవుడు ఏం తెలివక్కా?” ఈసారి ఉలిక్కిపడింది పార్టీవాళ్లు. సరోజ దానికీ జవాబు కడుతోంది. ఇంకా కుదరలేదంటుంది.

సరోజ ఫోను చేస్తే సుధీర్ ఎత్తుతాడు, తప్పించుకోడు. వచ్చే అక్టోబరుకు కూడా తారీఖు అడిగాడు, రైతుల ముక్క ఉంచుకోమన్నాడు. కమిటీలో ఇద్దరు మాత్రం ఆమె డబ్బుల చెక్కు మీద సంతకం పెట్టనంటున్నారు. మిర్యాలగూడ కథకు ఒప్పుకున్న పన్నెండు వేలలో ఆరు వేలు ఇంకా రావాలి.